ఏ గంట నుంచి పాలివ్వొచ్చు

మా సెంటర్లో నాతో చాలా ఏళ్లు పనిచేసిన స్టాఫ్ నర్సు ఈ మధ్యనే పోయింది. పెద్దకర్మ రోజున కొత్తగా చేరిన టెక్నీషియన్లు ఇద్దరు నా పక్కకొచ్చి, "ఆవిడ గురించి ఏదైనా రాయండి సార్, చదువుకుంటాం" అన్నారు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు మాటలు వాటంతటవే పెద్దవైపోతాయి. ఆమెకు పెద్ద మాటలు గిట్టేవి కావు. అందుకని ఒక్క కేసు గురించి రాస్తాను. అందులో తప్పులు నావి. దిద్దింది ఆమె.

మాది విజయనగరంలో ఒక చిన్న న్యూక్లియర్ మెడిసిన్ సెంటర్. ఎక్స్‌రేలో కిరణాలు బయటి నుంచి వస్తాయి. మా దగ్గర రోగి నరంలోకి కొద్దిపాటి రేడియోధార్మిక మందు ఎక్కిస్తాం. అది ఏ అవయవంలో ఎంత చేరిందో కెమెరా చూపిస్తుంది. మేము ఎక్కువగా వాడే టెక్నీషియం బలం ఆరు గంటలకోసారి సగమైపోతుంది. ప్రతి ఉదయం, సీసపు తొడుగులో ఉండే ఒక జెనరేటర్ నుంచి దాన్ని తీసుకుంటాం. మా వృత్తిలో ఆ జెనరేటర్‌ని ఆవు అంటారు, మందు తీయడాన్ని పితకడం అంటారు. ఈ పోలిక నాది కాదు, నేను ఉద్యోగంలో చేరేనాటికే ఉంది. నర్సు పొద్దున్నే బ్యాగు బల్లమీద పెడుతూ, "ఆవుని పితికీసేవేటి తమ్ముడూ?" అని అడిగేది. ఆమెది గజపతినగరం వైపు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. నేను అప్పా అనేవాణ్ణి. మా వైపు అక్కని అలాగే అంటాం.

పితికిన మందు మన కోసం ఆగదు. గంట గంటకీ తగ్గిపోతుంటుంది. కాబట్టి నాకెప్పుడూ తొందరే. ఆమెకు ఉండేది కాదు. రోగి పక్కన స్టూలు వేసుకుని, ఏ ఊరు, ఏ బస్సుకి వచ్చారు, ఈ పూట ఇంట్లో వంట ఎవరు చేస్తున్నారు, అని అడుగుతూ కూర్చునేది. ఫారం నింపడానికి నాకు మూడు నిమిషాలు పడితే ఆమెకు పావుగంట పట్టేది. వంట సంగతి మనకెందుకని ఒకసారి విసుక్కున్నాను. "ఇంట్లో ఎవరెవరున్నారో వంట కాడే తెలుస్తాది" అంది. అప్పుడది కాలక్షేపం కబురులాగే వినిపించింది.

ఆ రోజు సోమవారం. నర్సు లోపల ఇంకో రోగికి సెలైన్ పెడుతోంది. థైరాయిడ్ స్కాన్ కోసం బొబ్బిలి అవతలి పల్లె నుంచి ఒకామె వచ్చింది. ముప్పై దాటి ఉండవు. బాగా చిక్కిపోయి ఉంది, చేతులు వణుకుతున్నాయి. వెంట అత్తగారు. భర్త బయట వరండాలోనే ఉండిపోయాడు. డాక్టరు చీటీలో గుండెదడ, బరువు తగ్గడం, థైరాయిడ్ ఎక్కువ అని ఒక్క లైను ఉంది. నర్సు వచ్చేదాకా ఆగాల్సింది. ఆగలేదు. ఫారం నేనే తీసుకున్నాను.

"గర్భం ఏమైనా ఉందా అమ్మా?"

"లేదండి."

"చంటిబిడ్డ ఉందా?"

ఆమె ఒక క్షణం అత్తగారి వైపు చూసింది. అత్తగారు కిటికీ వైపు చూసింది.

"లేదండి."

"పిల్లలు?"

"ఒక బాబండి. ఎనిమిదేల్లు."

లేదు, లేదు, ఎనిమిదేళ్లు అని రాసి ఇంజక్షన్ ఇచ్చేశాను. అప్పుడు పదకొండు గంటలు. మందు గొంతులోని గ్రంథికి చేరడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. అందాకా కూర్చోమని, ఇంజక్షన్ అయినవాళ్ల గదిలోకి పంపాను.

వరండాలో ఒక పసిపిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఆస్పత్రుల్లో పిల్లల ఏడుపు కొత్తేమీ కాదు, నేను తల కూడా ఎత్తలేదు. నర్సు ఆ గదిలోకి వెళ్లేసరికి ఈవిడ రెండు చేతులూ గుండెలకి అదుముకుని వంగి కూర్చుని ఉందట. జాకెట్టు తడిసిపోయి ఉందట. ఆ తరవాతి మాటలు నేను గుమ్మంలోంచి విన్నాను.

"ఆ ఏడుస్తన్న గుంట ఎవర్దమ్మా?"

"మా తోటికోడల్దండి."

"పాలెవరిస్తన్నారు?"

"నానేనండి."

"మరి సెప్పలేదేటి?"

"ఆ సారు నీకు బిడ్డున్నాదా అనడిగినారు. నాకు లేదు కదండి."

నాలుగు నెలల క్రితం తోటికోడళ్లిద్దరూ పది రోజుల తేడాలో ప్రసవించారు. ఈమె బిడ్డ వారం బతికింది. తోటికోడలికేమో కాన్పులో ఫిట్స్ వచ్చి, విశాఖ ఆస్పత్రిలో నెల పైగా ఉండిపోయింది. పాలు పడలేదు. ఈమె ఆ పిల్లని తన పక్కలోకి తీసుకుంది. మా పల్లెల్లో ఒకే ఇంట తోటికోడళ్లు ఒకరి పిల్లకి ఒకరు పాలివ్వడం చెప్పుకోవాల్సిన విషయం కాదు. పాలకి దిష్టి తగులుతుందని బయటివాళ్ల దగ్గర అసలే చెప్పరు. అదంతా నాకు తెలుసు. నేనూ ఆ పల్లెలవాణ్ణే. ఫారం చేతిలోకి తీసుకుంటే మాత్రం పల్లె గుర్తుండదు.

ఆమె నాకు అబద్ధం చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది. బిడ్డని పోగొట్టుకున్న మనిషిని, బిడ్డ ఉందా అని నిలబెట్టి అడిగాను. అంతే.

టెక్నీషియం కొంత పాలల్లోకి వస్తుంది. పిల్ల పొద్దున బస్సు దిగాక తాగింది, ఇంజక్షన్ తరవాత ఇంకా తాగలేదు. అంటే నష్టం జరగలేదు, జరగకుండా చూసుకోవాలి. ఇది ఇప్పుడు ఇంత నెమ్మదిగా రాస్తున్నాను గానీ అప్పుడు నాకు ఈ నెమ్మది లేదు. లోపల నర్సు విశాఖలో ఉన్న మా డాక్టరుకి ఫోన్ చేస్తుంటే, నేను వరండాలోకి పరుగెత్తి పిల్లని ఎత్తుకున్న అత్తగారితో అన్నాను: "ఈ పిల్లకి ఆవిడ పాలు పట్టకండి. ఆ పాలు ప్రమాదం."

ఆ రెండు ముక్కలూ అనేసి లోపలికి వచ్చేశాను. జాగ్రత్త చెప్పాననుకున్నాను.

నర్సు చేసింది వేరు. డాక్టరు పన్నెండు గంటలు ఆపితే చాలన్నారు. ఆమె రాత్రికి ఇంకొంచెం కలుపుకుని, మర్నాడు పొద్దున ఆరు నుంచి పిల్లకి మామూలుగా ఇవ్వొచ్చని పాలిచ్చే ఆమెకి చెప్పింది. అందాకా మూడు నాలుగు గంటలకోసారి పాలు పిండి పారెయ్యమంది, లేకపోతే గడ్డ కడతాయని, తగ్గిపోతాయని. ఈ పూట పిల్లని ఇంకెవరైనా ఎత్తుకోవాలంది. పక్కనే ఉన్న పిల్లల డాక్టరుని అడిగి పొడిపాలు తెప్పించి, ఉగ్గుగిన్నెతో తానే పట్టింది. స్కాన్ అయింది. వాళ్లు బస్సెక్కారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

మా డాక్టరు బుధవారం వచ్చి రిపోర్టులు సంతకం చేస్తారు. బుధవారం పొద్దున భర్త ఒక్కడే వచ్చాడు. నర్సు అతనికి ముందు రిపోర్టు ఇవ్వలేదు.

"గుంట పాలు తాగతన్నాదా?"

"లేదండి. మానిపించీసేం."

"ఎందుకు?"

"ఈ సారే సెప్పేరు కదండి, ప్రమాదమని. మాయమ్మ మల్లెపూలు కట్టించింది. గుంటకి గేదిపాలు పడతన్నాం. నిన్నట్నించి ఒకటే విరోచనాలు."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పాలు ఇంకిపోవడానికి రొమ్ములకి మల్లెపూలు కట్టడం మా ప్రాంతంలో ఉంది. బిడ్డ పోయినప్పుడు కడతారు. నాలుగు నెలల క్రితం ఆ పూలు కట్టకుండా ఆ ఇల్లు ఆపుకున్నదే, ఈ పిల్ల కోసం. ఇప్పుడు నా మాట మీద కట్టారు.

నర్సు నా వైపు చూడలేదు. "ఇప్పుడే ఇంటికి ఫోన్ సెయ్యి. పూలు తీసీమను" అంది. అతను చేశాడు. అవతల అతని తల్లి ఒప్పుకోలేదు. మెషిన్ దగ్గరున్నాయన వద్దంటే నర్సమ్మ ఇమ్మంటే ఎవరి మాట వినాలి, అంటోంది. మాట స్పష్టంగా మా ఇద్దరికీ వినిపించింది.

నర్సు సంచి తీసుకుంది. "నువ్వన్న మాట నేను ఎనక్కి తీస్తే రాదు తమ్ముడూ. నువ్వే తియ్యాల. లెగు."

డాక్టరుకి చెప్పి, అతని వెంట బయల్దేరాం. రేడియేషన్ ఉంటే టిక్కు టిక్కుమని చెప్పే సర్వే మీటరుని రిజిస్టర్లో రాసి వెంట తీసుకున్నాను. నా బలమంతా అదే అనుకున్నాను. బస్సు గజపతినగరం దాటాక అడిగాను, "కోపమా అప్పా?" అని.

"కోపమేటి. ఎప్పటిదాకా అనేది సెప్పకుండా ఒద్దంటే, ఆల్లకి అది ఎప్పటికీ ఒద్దనే ఇనిపిస్తాది. నువ్వు భయపడి అన్నావు. భయపడినోడి నోట్లోంచి సగం మాటే వస్తాది."

మేము ఆ ఇంటికి వెళ్లేసరికి పిల్ల డస్సిపోయి, భర్త మేనత్త ఒకావిడ ఒళ్లో పడుకుని ఉంది. ఏడవడం కూడా లేదు. అత్తగారు మమ్మల్ని కూర్చోమని కుర్చీలు వేయించి, తను నిలబడే మాట్లాడింది.

"మీరే కదేటి బావూ, పాలు పట్టొద్దన్నారు?"

"నేనేనండి. కానీ నేనన్నది ఆ ఒక్క రోజుకేనమ్మా."

"ఆ రోజుకని సెప్పినారా?"

"లేదు."

"సెప్పనేదు కదా. మరి నాకేటి తెలుస్తాది? సదూకున్నోలు మీరు. మీకు తెలిసింది మీ కడుపులో ఉంచుకుని, మమ్మల్ని తెలుసుకోమంటే ఎలాగ?"

తప్పు నాదన్నాను. మందు ఆ రాత్రికే చాలావరకు పోయిందని, ఇప్పుడు పాలల్లో లేదని చెప్పాను. నమ్మినట్టు కనబడలేదు. కోడలు లోపల గిన్నెలోకి కాసిని పాలు పిండింది. నేను ధీమాగా మీటరు తీసి గిన్నె పక్కన పెట్టాను.

టిక్కు. కొంచెం ఆగి, టిక్కు.

"ఓలమ్మో! అరుస్తన్నాది! ఇంకా ఉన్నాది!"

మీటరు ఎక్కడ పెట్టినా అంతమాత్రం చప్పుడు చేస్తుంది. నేలలో, గాలిలో, మనలో సహజంగా ఉండేదే అది. అదంతా నేను పుస్తకం భాషలో వివరించడం మొదలుపెట్టాను. అత్తగారు రెండడుగులు వెనక్కి వేసింది. నర్సు నా చేతిలోంచి మీటరు తీసుకుంది.

"పెద్దమ్మా, నీ సెయ్యి ఇలాగియ్యి." టిక్కు, టిక్కు. "ఇది నా సెయ్యి." టిక్కు, టిక్కు. "ఆ గోడ కాడ సూడు. ఆ బియ్యం డబ్బా మూత తియ్యి. సూడు, ఏటైనా తేడా ఉన్నాదా? ఇది ఎక్కడైనా ఉండే సప్పుడే. మందున్నాదనుకో, ఇలాగ తీరుబడిగా అరవదు. ఆ రోజు మీ కోడలి కాడ పెడితే సెవులు తూట్లు పడ్డాయి."

"అయితే మా గోడ కూడా విషమేనేటి?"

"విషమైతే ఇన్నేల్లు ఈ గోడకి ఆనుకుని కబుర్లాడతావా?"

అత్తగారికి నవ్వొచ్చింది, ఆపుకుంది. తరవాత గొంతు తగ్గించి, "ఒక గుంటని మట్టిలో పెట్టొచ్చినాం తల్లీ. ఇదొకర్తే ఉన్నాది. భయంగాదేటి?" అంది.

ఆ భయానికి మీటరుతో పని లేదని నర్సుకు తెలుసు. చుట్టూ చూసి, "అందరం మాటాడతన్నాం. పిల్లని కన్నదేది? ఆమెనెవరైనా అడిగినారేటి?" అంది.

ఎవరూ అడగలేదు. కన్నతల్లి వెనక గదిలో మంచం మీద ఉంది. విశాఖ నుంచి వచ్చినా ఇంకా పూర్తిగా కోలుకోలేదు. నర్సు వెళ్లి ఆ మంచం పట్టె మీద కూర్చుంది. సోమవారం నుంచి జరిగినదంతా మొదటి నుంచి చెప్పింది, నేను ఏమి అడిగానో, ఏమి అడగలేదో, ఏమి అన్నానో, ఒక్కటి దాచకుండా. ఆ గొంతులో నా మీద ఫిర్యాదు లేదు, నన్ను కాయడమూ లేదు. ఆ అమ్మాయి అంతా విని, గుమ్మం దగ్గర నిలబడ్డ తోటికోడలిని పిలిచింది.

"అక్కా, పూలు తీసీ. నా గుంట, నాను సెప్తన్నాను. పట్టు."

పూలు విప్పింది అత్తగారే.

పిల్ల మొదటిసారి మొహం తిప్పుకుంది. రెండోసారి నోట పట్టి, పాలు రాక ఏడ్చింది. రెండు రోజులకే పాలు తగ్గిపోయాయి. ఈ ముక్క నేను అవతలి గదిలో కూర్చుని విన్నాను. కోడలు, "పోనాయమ్మా, నా పాలు పోనాయి. ఆ బిడ్డ పోయినాక ఇదొక్కటే మిగిలింది నాకు" అంటోంది. నర్సు గొంతు మెల్లగా వినబడుతోంది. వీపు ఆనించు, తొందరపడకు, దాన్ని సూడు, నన్ను కాదు. నేను జీవితంలో చాలా స్కాన్‌ల కోసం ఎదురుచూశాను. అంతసేపు దేనికీ ఎదురుచూడలేదు. మూడోసారి లోపల చప్పుడు లేదు. అత్తగారు బయటికి వచ్చి, పక్కకి తిరిగి, "బావూ, టీ తాగతారేటి?" అంది. అలాగ తెలిసింది.

పాలు మళ్లీ పడాలంటే మాటిమాటికీ పట్టమని చెప్పి, విరోచనాలకి పిల్లని బొబ్బిలిలో డాక్టరుకి చూపించేదాకా ఉండి, సాయంత్రం బస్సుకి తిరిగొచ్చాం. వారానికి భర్త ఫోన్ చేశాడు. పిల్ల ఇక గేదెపాలు తాగడం లేదన్నాడు. పాలిచ్చిన ఆ కోడలి థైరాయిడ్ కూడా కాన్పు తరవాత కొందరికి వచ్చే వాపేనని రిపోర్టు చెప్పింది. రక్తపరీక్షలు చేయించుకుంటూ చూసుకుంటే చాలన్నారు. నెలల్లో తగ్గింది.

ఇక్కడ మీకు, అంటే ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లకు, ఒక మాట. అన్ని మందులూ ఒకటి కావు. ఎముకల స్కాన్‌కి వాడేది పాలల్లోకి రావడమే తక్కువ. థైరాయిడ్ చికిత్సకిచ్చే అయోడిన్ అయితే వేరే సంగతి. దానికి చాలా ముందే పాలు మాన్పించాలి, ఆ బిడ్డకి మళ్లీ ఇవ్వకూడదు. ఏ మందుకి ఎంతసేపో మీ డాక్టరుని అడిగి తెలుసుకోండి, ఊహించకండి. అవసరమైన స్కాన్‌ని పాల పేరు చెప్పి ఆపనూ వద్దు, స్కాన్ పేరు చెప్పి అక్కర్లేకుండా పాలు ఆపనూ వద్దు. రెండోది కూడా హాని చేయడమే. ఆ సంగతి నాకు ఒక పల్లెలో కుర్చీ మీద కూర్చున్నాక తెలిసింది.

మర్నాడు నర్సు మా ఫారంలో 'చంటిబిడ్డ ఉందా?' అన్న లైను కొట్టేసి, పైన పెన్నుతో రాసింది: 'మీ పాలు ఎవరైనా తాగుతున్నారా?' ఆ ప్రశ్న ఆడవాళ్లందరినీ, వయసు చూడకుండా, అడగాలని పట్టుబట్టింది. ముసలామెను అడిగితే నవ్వుతారన్నాను. "నవ్వనీ. నవ్వినోలు ఇంకో రెండు సంగతులు సెప్తారు" అంది. ఇంజక్షన్ అయిన ప్రతివాళ్లకీ చేతిలో ఒక చీటీ పెట్టాలన్నది కూడా ఆమె నియమమే. ఏది ఏ గంట నుంచి మళ్లీ చెయ్యొచ్చో అందులో ఉండాలి. ఫారం తరవాత అచ్చువేయించారు. ఆ ప్రశ్న మీ ఫారాల్లో ఇప్పటికీ ఉంది. అది ఎవరిదో మీకు తెలియాలనే ఇదంతా రాశాను.

నా సర్వీసు చివరి నెలల్లో ఆమె అదే గదికి రోగిగా వచ్చింది. అప్పటికే ఆమె రిటైరై నాలుగేళ్లయింది. జబ్బు ఎముకలకి పాకిందేమో చూడాలని స్కాన్ రాశారు. నేను ఫారం తీసుకుని పేరు, వయసు రాసి, మందుల గురించి అడిగి, పక్కన పెట్టబోయాను.

"అదేటి, ఒకటి అడగనేదు?"

"అప్పా..."

"అడుగు."

నేను అడిగాను. మీ పాలు ఎవరైనా తాగుతున్నారా?

"లేదు. రాసుకో. ఇంట్లో మనవరాలున్నాది, ఏడాదిది. ఎత్తుకోకుండా ఉండనేను. దానికి చీటీ రాసియ్యి."

సిరంజి ట్రేలో ఉంది. చీటీ మీద 'ఈ రోజు మనవరాలిని ఎత్తుకోవద్దు' అని రాసి ఇచ్చాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివి, తిరిగి నా ముందు పెట్టింది.

"మల్లీ సగమే రాసేవు తమ్ముడూ."

ఆ చీటీ చింపేసి, గంట లెక్కకట్టి, ఇంకొకటి రాశాను. సాయంత్రం ఆరు నుంచి ఎత్తుకోవచ్చు.